అమెరికాయందు హిందూదేశ విద్యార్థులు : పౌరసత్వ వివాద చరిత్రము

విద్యార్జనమునకై దేశాంతరమున కేగు యువకునకు గురువు లిరువురు. కళాశాలలో పాఠము చెప్పువాడు మొదటివాడు. రేవున దిగినపుడు పత్రములు పరిశీలించు ఉద్యోగి రెండవవాడు. మొదటివానివద్ద నేర్చినది పట్టముతో ముగియును. రెండవవాని ప్రశ్నలు మాత్రము జీవితాంతము వెంటనంటి వచ్చును. నీ వెవ్వడవు? ఏ దేశపువాడవు? ఎందులకు వచ్చితివి? ఎన్నాళ్లుందువు? స్వగ్రామమున మనల నెవ్వరును ఇట్లు ప్రశ్నింపరు. అచట మన యింటిపేరును, తాతపేరును అందరెరుగుదురు. కావున ఈ ప్రశ్నలకు సమాధానమును మన మెన్నడును విచారించి యుండము.

ఈ మహాసభా సంచికకు చరిత్రవిషయకమగు వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు కోరియున్నారు. మన కుటుంబములలోని బాలబాలికలు పెక్కండ్రు నేడు సముద్రములకావల విద్య నభ్యసించుచున్నారు. వారికి ముందు నూరేండ్లక్రిందట ఆ తీరమున దిగిన మన దేశీయు లెట్టి అనుభవములు పొందిరో, ఏ పాఠములు నేర్చిరో తెలిసికొనుట వారికిని, వారిని పంపిన తలిదండ్రులకును, విద్యానిధికి ద్రవ్యమిచ్చు దాతలకును ఉపయోగకరమని తలచి ఈ విషయమును గైకొంటిమి.

సముద్రయానమునుగూర్చి మన ధర్మశాస్త్రములలో భిన్నాభిప్రాయములు గలవు. బౌధాయనుడు తన ధర్మసూత్రములలో దానిని ఉత్తరదేశీయుల ఆచారములలో నొకటిగా పేర్కొనియు, మరియొకచోట పతనహేతువులగు కర్మములలో చేర్చి ప్రాయశ్చిత్తము విధించెను. ఒకరి ఆచారముగా నెన్నబడినది మరల దోషముగా చెప్పబడుటచేతనే, శాస్త్రము నిషేధించుచున్నను జనులు సముద్రము దాటుచునే యుండిరని స్పష్టమగుచున్నది. మన తెలుగుదేశమునందు 1244వ సంవత్సర ప్రాంతమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము జగద్విదితము. అంతకుముందు ఓడలు పగిలి తీరమునకు కొట్టుకొనివచ్చిన సరకులను రాజులు స్వాధీనము చేసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ దుర్నయమును మాన్పి, నిర్ణీతమగు సుంకము తప్ప మరేమియు గ్రహింపనని దేశాంతర ద్వీపాంతర వర్తకుల కభయ మొసగెను. పరదేశీయుడు మన రేవున దిగినపుడు ఆతని కేమి భయము కలుగునో ఆ ప్రభువు గ్రహించెను. ఈ శాసనమును మనస్సునందుంచుకొని ముందు చెప్పబోవు కథను చదువవలసినదిగా మనవి.

ఆంగ్లప్రభుత్వకాలమున సముద్రయానము చేయదలచిన విద్యార్థికి రెండు ద్వారములు మూయబడియుండెను. మొదటిది స్వకులమువారి ద్వారము. 1888లో మోహనదాస గాంధి న్యాయవిద్యకై ఇంగ్లండుకు పయనమైనపుడు బొంబాయిలోని ఆతని కులమువారు సభచేసి ఆతనిని వెలివేసిరి. ఆతనికి సహాయముచేసినవారికిని, ఓడవద్దకు సాగనంపబోయినవారికిని జుల్మానా విధించిరి. ఇట్టి వెలులు దేశమున పలుతావుల జరిగినవి. రెండవది అన్యదేశమువారి ద్వారము. దీని చరిత్రమే మన ప్రస్తుత విషయము.

అమెరికా సంయుక్తరాష్ట్రములవారు స్వతంత్రులై రాజ్యాంగము నేర్పరచుకొనిన కొలదికాలమునకే, 1790లో, పరదేశీయులను పౌరులుగా స్వీకరించుటకు చట్టమొకటి చేసిరి. స్వతంత్రుడగు తెల్లవాడు మాత్రమే పౌరుడు కావచ్చునని దానియందు వ్రాసిరి. బానిసత్వనిర్మూలనమునకై ఘోరమగు అంతర్యుద్ధము జరిగిన పిదప 1870లో ఆఫ్రికా సంతతివారికిని ఆ హక్కు కలుగజేసిరి. ఇక మిగిలినవారు ఆసియావాసులు. 1882లో చీనా కూలీల రాకను నిషేధించిరి. తెల్లవాడనగా ఎవ్వడో ఆ చట్టమునం దెచ్చటను నిర్వచింపబడలేదు. ఒక విశేషణమునకు అర్థము చెప్పకుండ విడిచినందున నూరేండ్లకు పైగా ఎందరి జీవితములు తారుమారయ్యెనో ముందు చూడగలము.

ఇరువదవ శతాబ్దారంభమున పంజాబునుండి వేలకొలది కర్షకులు కనడాకును, అమెరికా పశ్చిమతీరమునకును పోయి రంపపుమిల్లులలోను, రైలుమార్గములమీదను, పండ్లతోటలలోను పనిచేయసాగిరి. తక్కువకూలికి పనిచేయుచున్నారని స్థానికులగు కూలివారికి వారిమీద ఆగ్రహము కలిగెను. 1907వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేది రాత్రి వాషింగ్టన్ రాష్ట్రములోని బెల్లింగ్‌హామ్ పట్టణమున వందలకొలది జనులు గుంపుగూడి మిల్లులలోని హిందూదేశపు కూలీలను బసలనుండి లాగి, కొట్టి, ఊరినుండి తరిమివేసిరి. 1910లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవుకు సమీపముననున్న ఏంజెల్ ద్వీపమున పరీక్షాశిబిరము నెలకొల్పబడెను. పశ్చిమతీరమున దిగు ఆసియావాసులు పెక్కండ్రు అచట వైద్యపరీక్షకును, దీర్ఘవిచారణకును లోబడవలసివచ్చెను.

ఆ కాలముననే మన విద్యార్థులును ఆ తీరమునకు పోయిరి. ఇంగ్లండులో న్యాయవాదిపట్టమో, సివిలు సర్వీసో ప్రధానము. అమెరికాలోనన్ననో వ్యవసాయము, రసాయనము, యంత్రనిర్మాణము మొదలగు శాస్త్రములు నేర్వవచ్చును, పనిచేసికొని చదువుకొనవచ్చును. బర్క్లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పలువురు చేరిరి. సెలవుదినములలో ఖర్చుల నిమిత్తము తోటలలో కూలిపని చేయుచు వారు పంజాబీ కర్షకులతో నొకేపంక్తిని భుజించిరి. స్వదేశముననైనచో పట్టణపు చదువరికిని, పల్లెకర్షకునకును ఇట్టి సహవాసము దుర్లభము. అచటివా రొక్క పదముతో నందరిని "హిందూ" అని పిలిచెడివారు. తలపాగా ధరించిన సిక్కును, నమాజు చేయు మహమ్మదీయుడును, వంగదేశపు బ్రాహ్మణుడును, మన ఆంధ్రుడును అందరును హిందువులే. కులము, గోత్రము, ప్రాంతము, మతము, మనము ప్రాణాధికముగా నెంచుకొను భేదములన్నియు ఆ పరదేశీయుని కంటికి కనబడలేదు. అవమానముగా పెట్టిన ఆ పేరే వారికి మొదటి జాతీయతాపాఠమయ్యెను.

ఇచట నొక దాతను స్మరింపవలెను. స్టాక్టన్ ప్రాంతమున ఉర్లగడ్డల సేద్యముచేసి ధనము గడించిన జ్వాలాసింగు అను సిక్కు కర్షకుడు 1912లో గురుగోవిందసింగు పేర విద్యార్థివేతనములు స్థాపించి, హిందూదేశమునుండి విద్యార్థులను బర్క్లీకి రప్పించెను. ఆతడు ఉన్నతవిద్య నేర్చినవాడు కాడు. పొలమున చెమటోడ్చి సంపాదించిన ద్రవ్యమును ఎరుగని యువకుల చదువునకు వినియోగించెను. సిక్కులు కానివారికిని ఆ వేతనము లభించెను. అట్లు పోయిన గోవింద బిహారీలాల్ పిమ్మట శాస్త్రవిషయక పత్రికారచయితయై 1937లో పులిట్జర్ బహుమానమును మరికొందరితో కలిసి పొందెను.

1912లోనే మన ఆంధ్రదేశమునుండి కనిగిరివాస్తవ్యుడగు దరిశి చెంచయ్యగారు విద్యార్థియై అమెరికాకు పోయిరి. కాలిఫోర్నియాలో చదువుచు గదరుపక్షమున చేరిరి. 1913లో కర్షకులును, కూలీలును, విద్యార్థులును కలిసి స్థాపించిన ఈ సంఘమునకు సోహన్‌సింగు భక్నా అధ్యక్షుడు, లాలా హరదయాళుడు కార్యదర్శి. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదిన శాన్‌ఫ్రాన్సిస్కోనుండి "గదర్" పత్రిక వెలువడెను. ఇందు పనిచేసిన కర్తార్‌సింగు సరాభా చదువుకొనుటకు పోయిన బాలుడు. స్వదేశమునకు మరలివచ్చి విప్లవప్రయత్నము చేసినందులకు 1915 నవంబరులో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, లాహోరుచెరసాలలో ఉరితీయబడెను. చెంచయ్యగారును పట్టుబడి, కొన్నేండ్లు కారాగారవాస మనుభవించి, విడుదలయైన తరువాత సంఘసంస్కరణమునకై పాటుపడిరి. వారి స్వీయచరిత్రమునకు "నేనూ నా దేశం" అని పేరు. చదువునకై పోయినవానికి తానును తన దేశమును వేరుకావని పరదేశమున తెలిసెనని ఆ పేరే చెప్పుచున్నది.

బ్రిటిషు సామ్రాజ్యప్రజలమను ధీమాయు వారికి అప్పుడే సడలెను. కనడాయును ఆంగ్లసామ్రాజ్యములోనిదే. అయినను స్వదేశమునుండి మధ్య నెచ్చటను ఓడ మారకుండ ఏకప్రయాణముగా వచ్చినవారినే దిగనిత్తుమని 1908లో ఆ ప్రభుత్వము నిబంధన చేసెను. అట్టి ఓడ లేకుండుటయే ఆ నిబంధనములోని రహస్యము. 1914లో బాబా గురుదిత్తుసింగు "కోమగాటమారు" అను ఓడను బాడుగకు గొని 376 మందితో వాంకూవరు చేరెను. రెండుమాసములు ఓడ రేవుననే నిలిచెను. పూర్వమందే అచట నివసించిన కొలదిమంది తప్ప తక్కినవారు నేలపై కాలుమోపలేదు. జూలై 23వ తేదిన ఓడను వెనుకకు మరల్చిరి. కలకత్తాకు సమీపమున బడ్జిబడ్జిలో దిగినపుడు పోలీసువారు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. వెళ్లిన దేశము రానీయలేదు. పుట్టిన దేశమున ప్రభుత్వము పరాయిది. తనదేయగు రాజ్యము లేనివానికి పరరాజ్యమున గౌరవము లేదని విద్యార్థులు గ్రహించిరి.

1917 ఫిబ్రవరిలో, అధ్యక్షుడగు విల్సను నిరాకరించినను, అమెరికా శాసనసభవారు మరల నిశ్చయించి క్రొత్తచట్టమును నెగ్గించిరి. హిందూదేశమును చేర్చి ఆసియాఖండములోని విశాలభాగమును నిషిద్ధప్రాంతముగా ప్రకటించిరి. కూలివారికి ప్రవేశము లేదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, వర్తకులు, వైద్యులు మొదలగువారికి మాత్రము మినహాయింపు గలదు. అనగా చదువుకొని పొండు, నిలువవలదు అని తాత్పర్యము. అతిథికిని ఇంటివానికిని గల భేద మీ చట్టమున స్పష్టమయ్యెను.

ఇక పౌరసత్వవివాదమునకు వత్తము. ఇందు ముఖ్యులిరువురును బర్క్లీలో విద్యార్థులుగా నుండినవారే. మొదటివాడు తకావో ఒజావా యను జపానుదేశీయుడు. ఇరువదేండ్లు అమెరికాలో నివసించి, ఇంటిలో ఆంగ్లమే మాటలాడుచు, బిడ్డలను అమెరికా పాఠశాలలలో చదివించి, నడవడిచే నేను అమెరికావాడనే యని వాదించెను. 1922 నవంబరు 13వ తేదిన అత్యున్నత న్యాయస్థానమువారు, తెల్లవాడనగా కాకసజాతివాడని అర్థము, జపానువారు ఆ జాతివారు కారు, కావున పౌరసత్వము లేదు అని తీర్పుచెప్పిరి.

రెండవవాడు భగత్‌సింగు థిండు. అమృతసరప్రాంతమున జన్మించి 1913లో అమెరికాకు పోయెను. 1918లో ఆ దేశసైన్యమున చేరి, తలపాగాతోడనే సేవచేసి, గౌరవముగా విడుదల పొందెను. ఆ సంవత్సరమే వాషింగ్టన్ రాష్ట్రమున ఆతనికి పౌరసత్వమిచ్చి నాలుగుదినములకే రద్దుచేసిరి. 1920లో ఆరిగన్ రాష్ట్రపు న్యాయాధిపతి మరల నొసగెను. ప్రభుత్వము అప్పీలు చేసెను. ఒజావా తీర్పు వెలువడగానే థిండుపక్షమువారు సంతసించియుందురు. ఏలయన, ఆనాటి జాతిశాస్త్రజ్ఞులు ఉత్తరహిందూదేశీయులను కాకసజాతిలోనే చేర్చియుండిరి. కాని 1923 ఫిబ్రవరి 19వ తేదిన అదే న్యాయస్థానము, అదే న్యాయమూర్తియగు జార్జి సదర్లండు కలముతోడనే, శాస్త్రజ్ఞుల విభాగముతో మాకు పనిలేదు, సామాన్యజనుడు తెల్లవాడని ఎవ్వని ననునో వాడే తెల్లవాడు అని తీర్పుచెప్పెను. మూడు మాసములక్రిందట శాస్త్రము ప్రమాణము. ఇప్పుడు లోకవ్యవహారము ప్రమాణము. ఈ సదర్లండుగారు స్వయముగ ఇంగ్లండులో జన్మించి, శైశవమున తలిదండ్రులతో అమెరికాకు వచ్చినవారు!

ఈ వ్యాజ్యెములో మన మహాసభవంటి సభలవారు శ్రద్ధగా పరికింపవలసిన విషయమొకటి గలదు. న్యాయస్థానమునకు పంపబడిన ప్రశ్నములోనే థిండు "ఉన్నతకులమునకు చెందిన హిందువు"గా వర్ణింపబడెను. ఆతడు సిక్కు, కులభేదము కూడదని బోధించిన గురువుల మార్గమువాడు. అయినను ఆతని పక్షమున, ఉన్నతకులములవారు తక్కువకులములతో వివాహసంబంధములు చేయకుండ ఆర్యరక్తమును శుద్ధముగ కాపాడుకొనిరనియు, అమెరికా తెల్లవాడు నల్లజాతివారితో వియ్యమునకు విముఖుడైనట్లే మన ఉన్నతకులస్థుడును ఆదిమజాతులవారియెడ విముఖుడనియు వాదించిరి. అనగా పరులచే తాను పొందిన అవమానమును పోగొట్టుకొనుటకు, తాము ఇతరులకు చేసిన అవమానమునే సాక్ష్యముగా తెచ్చిరి. ఆ సాక్ష్యము చెల్లలేదు. కులనియమములు సంకరమును కొంత వారించినను పూర్తిగా వారింపలేకపోయినవని న్యాయమూర్తి త్రోసివేసెను.

సంస్కృతము చెప్పుచు జీవితము గడపినవారము గనుక ఆర్యశబ్దమునుగూర్చి యొకమాట చెప్పుదుము. అమరసింహుడు ఈ శబ్దమును కులీనునితోపాటు సభ్యునికిని, సజ్జనునికిని, సాధువునకును పర్యాయముగా పఠించెను. నాటకములలో భార్య భర్తను ఆర్యపుత్రుడనును. పూజ్యుని ఆర్యుడని సంబోధింతురు. శరీరవర్ణముతో ఈ వ్యవహారములకు సంబంధము లేదు. పాశ్చాత్యపండితులు పందొమ్మిదవ శతాబ్దమున భాషాకుటుంబమునకు పెట్టిన పేరును జాతికి అంటగట్టిరి. మనవారు దానిని బిరుదుగా స్వీకరించి, పరదేశపు న్యాయస్థానమున చూపగా అచటివారు గ్రహింపరైరి. మర్యాదావాచకమును రక్తవాచకముగా మార్చుకొనుటచే మన కొరిగిన దేమియు లేదు.

తీర్పుయొక్క ఫలములు దారుణములు. అంతకుముందు పౌరసత్వము పొందిన అనేకులనుండి ప్రభుత్వము దానిని లాగికొనెను. కాలిఫోర్నియాలో పౌరసత్వార్హత లేనివారు భూమి కొనరాదను చట్టముండుటచే కర్షకులు తాము దున్నిన నేలను అన్యుల పేర వ్రాసికొనవలసివచ్చెను. విద్యార్థిగా పోయి, పండితుడై, 1914లో పౌరుడైన తారకనాథదాసు పౌరసత్వమును ప్రశ్నించుటయేగాక, ఆతనిని వివాహమాడినందులకు అమెరికాలోనే జన్మించిన ఆయన భార్య మేరీగారి పౌరసత్వమును సయితము తొలగించిరి. పెషావరువాడగు వైష్ణోదాసు బాగాయి 1915లో భార్యాపుత్రులతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి వర్తకము చేసి, 1921లో పౌరుడయ్యెను. తీర్పు తరువాత పౌరసత్వము పోయెను. స్వదేశమున కొకసారి పోయిరాదలచిన బ్రిటిషు ప్రయాణపత్రము తీసికొనుమనిరి. ఆంగ్లప్రభుత్వము వలదనియే దేశము విడిచిన ఆ పురుషుడు 1928లో ఆత్మహత్య చేసికొనెను. ముందు దారులు మూసికొనిపోయి, వెనుకకు మరలు వంతెనలును కాలిపోయినవని తలంచిన ఆ దుఃఖితునిపై జాలిగొననివా రెవ్వరు? థిండుపక్షమున వాదించిన సఖారామ గణేశ పండితుడు మాత్రము, పౌరసత్వమును నమ్మి ఇల్లు కట్టుకొని వృత్తి స్థిరపరచుకొనినవానినుండి దానిని తిరిగి లాగుట న్యాయము కాదని వాదించి, తన స్వంత వ్యాజ్యెమును గెలిచెను. ఆ గెలుపుతో తక్కినవారిపై వ్యాజ్యెములును ఆగినవి.

ఈ కల్లోలపుకాలముననే మన తెలుగువాడొకడు బోస్టనునగరమున దిగెను. భీమవరమున 1895లో జన్మించి, రాజమహేంద్రవరమునను మద్రాసునను చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922 అక్టోబరులో అచటికి చేరిరి. ఒజావా తీర్పునకు కొలదిదినములు ముందు. థిండు తీర్పునకు నాలుగుమాసములు ముందు. వైద్యశాలలో చిన్నపనులు చేసికొనుచు హార్వర్డులో చదివిరి. కండరములకు శక్తినిచ్చు పదార్థములను కనుగొనుటలో ఫిస్కేగారితో పాల్గొనిరి. పిదప లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వమున సిద్ధమైన ఔషధములు కోట్లకొలది జనులకు ప్రాణదానము చేసినవి. 1948లో మరణించునాటికి ఆయన అమెరికాపౌరుడు కాలేదు. ఆ దేశమునకు ఆయన చేసిన ఉపకార మెంత, పౌరుడుగా ఎంచబడనిది ఎంత? ఒక మనుష్యుని విలువకును, పత్రమునకును సంబంధ మెంతయో ఈ మహనీయుని జీవితమే చెప్పుచున్నది.

1946 జూలై 2వ తేదిన అమెరికాప్రభుత్వము హిందూదేశీయులకు పౌరసత్వార్హత నొసగి, సంవత్సరమునకు 100 మందిని రానిచ్చుటకు అంగీకరించెను. సంఖ్య స్వల్పము, తలుపు తెరచుట ముఖ్యము. 1920లో బర్క్లీకి పోయి 1924లో గణితశాస్త్రమున డాక్టరుపట్టము పొందియు, పొలముపని చేసికొని బ్రతికిన దలీప్‌సింగు సౌందుగారు 1949లో పౌరుడై, 1956లో కాలిఫోర్నియానుండి అమెరికా ప్రతినిధిసభకు ఎన్నుకొనబడిరి. థిండును 1936లోనే, యుద్ధభటులకు చేసిన ప్రత్యేకచట్టము మూలమున, మూడవసారి పౌరసత్వము పొందియుండెను. 1965లో దేశములనుబట్టియు జాతులనుబట్టియు ఏర్పరచిన పాత పరిమితులు తొలగినవి. మన డాక్టర్లు, ఇంజనీర్లు వేలకొలదిగా పోయినది ఆ తరువాతనే. 2023–24 విద్యాసంవత్సరమున అమెరికాలోని హిందూదేశ విద్యార్థుల సంఖ్య 3,31,602. మరి ఏ దేశమునుండియు అంతమంది ఆ యేట లేరు. వారిలో తెలుగుబిడ్డలు పెక్కండ్రు. అయినను విద్యార్థి వేరు, నివాసి వేరు అను 1917నాటి భేదము పోలేదు. శాశ్వతనివాసానుమతులలో ఏ యొక్క దేశమునకును నూటి కేడుపాళ్లకు మించరాదను నియమముండుటచే మనవారు ఏండ్లతరబడి వేచియుండవలసివచ్చుచున్నది.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. థిండు తీర్పునకు సరిగా నూరేండ్లు నిండినపుడు, 2023 ఫిబ్రవరి 21వ తేదిన, ఆతనికి మొదట పౌరసత్వమిచ్చి రద్దుచేసిన వాషింగ్టన్ రాష్ట్రమునందలి సియాటిల్ నగరసభవారు కులమునుబట్టి వివక్షము చూపరాదని శాసించిరి. అమెరికాలో అట్టి శాసనము చేసిన మొదటి నగరమదియే. నూరేండ్లక్రిందట కులము అర్హతగా ఆ దేశమునకు కొనిపోబడినది. నూరేండ్లకు పిమ్మట అభియోగముగా ఎదుట నిలిచినది. దీనిని విని కొందరు పెద్దలు కోపగింతురు. కోపమునకు ముందు విచారము మంచిది. ఒక కొలువులో పనిచేయు తోడి తెలుగువానిని ఇంటిపేరడిగి, ఊరడిగి, మాటలలో కులము కూపీతీయు అలవాటు మన పిల్లలకు ఎవరు నేర్పిరి? రేవున ఉద్యోగి అడిగిన ప్రశ్నయే అదియును: నీ వెవ్వడవు? ఆ ప్రశ్నకు మన పూర్వులు ఎంత బాధపడిరో ఎరిగినవాడు దానిని తోడివానిపై ప్రయోగింపడు.

ఇట్లనుటచే కులసంఘములు నిష్ప్రయోజనములని మా అభిప్రాయము కాదు. సత్రములు కట్టించుట, పేదబాలురకు అన్నవస్త్రములిచ్చి చదివించుట, అనాథలగు స్త్రీలకు ఆధారము చూపుట మొదలగు సత్కార్యములు ఈ సంఘములు చేసినవి, చేయుచున్నవి. ఈ సంచిక చదువు పెద్దలలో అట్టి సత్రములలో భుజించి విద్యావంతులైనవారు లేకపోలేదు. కులమనునది పరస్పరసహాయమునకు నిచ్చెనయైనచో మేలు. పరుని అడ్డుటకు గోడయైనచో కీడు. నిచ్చెనకును గోడకును భేదమెరుగుటయే ఈ చరిత్రమునందలి పాఠము.

కావున మహాసభవారికి మా విన్నపములు మూడు. విదేశమునకు పోవు విద్యార్థికి ధనసహాయముతోపాటు ఆ దేశపు ప్రవేశచట్టములను, విద్యార్థికిని నివాసికిని గల హక్కుల భేదమును ముందుగా బోధించు ఏర్పాటు చేయవలెను; అప్పుచేసి పంపిన తలిదండ్రులకును అది తెలియవలెను. రెండవది, మన తీరమునకు పరదేశములనుండియు, మన పట్టణములకు పరరాష్ట్రములనుండియు పనికొరకు వచ్చు కూలివారిని మన సంఘీయులు మోటుపల్లి శాసనమును తలచుకొని ఆదరింపవలెను; మన బిడ్డలకు అన్యదేశమున ఏ మర్యాద కోరుదుమో అదే వారికిని చేయవలెను. మూడవది, మన విద్యానిధిలో పదింట నొక వేతనమైనను కులవిచక్షణ లేకుండ యోగ్యుడగు పేదవిద్యార్థి కొసగవలెను. ఉర్లగడ్డలు పండించిన జ్వాలాసింగు చేసినపనిని మన ధనికులగు దాతలు చేయలేరా?

మన కులమునకు పేరు తెచ్చువాడు కులము పేరు చెప్పుకొని తిరుగువాడు కాడు. వాని నడవడి చూచి, ఇట్టివానిని కన్న ఇల్లేది, ఊరేది, దేశమేది యని పరులు అడుగునట్లు బ్రతుకువాడు. అట్టి బిడ్డలు మన ఇండ్ల వర్ధిల్లుదురుగాక! వారిని పెంచు దాతలకు ఆయురారోగ్యైశ్వర్యములు సమకూరుగాక! ఈ మహాసభ జయప్రదమగుగాక!